సగం ముద్దకే కడుపు నిండుతోందంటే

సంగటి ముద్ద అవలీలగా లాగించి, పులుసు మిగిలిందని ఇంకో పిడికెడు పెట్టించుకునే మనిషి ఈమధ్య సగం ముద్దకే చెయ్యి కడిగేస్తున్నాడు. నొప్పేమీ లేదు. అడిగితే "కడుపు బిర్రుగా ఉందిబ్బా, గ్యాసేమో" అంటాడు. చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఈ మాట వినపడని వారం ఉండదు. చాలాసార్లు అది నిజంగా గ్యాసే. కాకపోతే కడుపు క్యాన్సర్ మొదలయ్యేటప్పుడు కూడా మనిషికి ఇలాగే అనిపిస్తుంది, ఇదే మాట అంటాడు.

కడుపు అంటే ఇక్కడ తిన్నది ముందుగా వెళ్లి పడే సంచి, జీర్ణాశయం. పేగుకొచ్చినా, లివర్‌కొచ్చినా, గర్భసంచికొచ్చినా మనవాళ్లు 'కడుపులో క్యాన్సర్' అనేస్తారు. ఒక్కోదానికి గుర్తులు వేరు. ఇక్కడ రాసేది ఈ సంచి గురించే.

ఖాళీగా ఉన్నప్పుడు ఈ సంచి ముడుచుకుపోయి, వంద మిల్లీలీటర్లు కూడా పట్టనంత చిన్నదిగా ఉంటుంది. అన్నం పడేకొద్దీ గోడ సడలుతూ లీటరు, ఆపైన కూడా పడుతుంది. ఆ సడలింపు వల్లే 'ఇంకొంచెం పట్టుద్ది' అనిపిస్తుంది. గోడలో గడ్డ పాకితే ఆ చోటు గట్టిపడి సాగదు. అందుకే నాలుగు ముద్దలకే నిండినట్టుంటుంది. ఒకరకం క్యాన్సర్ అయితే లోపలికి ఉబ్బకుండా గోడ పొడవునా పాకి, సంచి మొత్తాన్ని తోలు తిత్తిలా బిగదీస్తుంది. దాని సంగతి మళ్లీ చెప్పుకోవాలి, పరీక్షను కూడా మోసం చేసేది అదే.

ఒక పూట తినలేకపోతే అది గుర్తు కాదు. కొత్తగా మొదలై, రెండు మూడు వారాలైనా పోకుండా ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. ఇరవై ఏళ్లుగా కారం తింటే మంట పుట్టే మనిషికి ఇప్పుడూ అదే మంట అంటే ఒక సంగతి. అదే మనిషికి మంట తీరు మారితే, అంటే ఇదివరకు తింటే తగ్గేది ఇప్పుడు తింటే పెరుగుతుంటే, లేదా ఎప్పుడూ తేన్పులే ఎరగనివాడికి 50 ఏళ్లకు మొదటిసారి కడుపుబ్బరం పట్టుకుంటే, అది వేరే సంగతి. కడుపు విషయంలో నొప్పి ఎంత ఉందన్నదాని కంటే తీరు ఎంత మారిందన్నదే ముఖ్యం. తొలి దశలో ఈ క్యాన్సర్ పెద్దగా నొప్పి పెట్టదు, చాలామందిలో అసలు ఏ గుర్తూ ఉండదు కూడా.

ఇక గ్యాసు మాత్ర. ఏ వీధి చివర మందుల షాపులో అడిగినా చీటీ లేకుండానే చేతిలో పెడతారు. పాంటాప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, ఒమెప్రజోల్ 20, పేరేదైనా పని ఒకటే: కడుపులో యాసిడ్ ఊరడం తగ్గిస్తాయి. పరగడుపున వేసుకుంటే హాయిగా ఉంటుంది. 'మాత్రతో తగ్గింది కాబట్టి గ్యాసే' అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. క్యాన్సర్ పుండైనా దానిమీద యాసిడ్ పడితేనే మండుతుంది. యాసిడ్ తగ్గితే ఆ మంటా తగ్గుతుంది. పైగా తొలి దశ పుండు మాత్రల వల్ల పైపైన మానుతుంది కూడా, కింద కణాలు మాత్రం అలాగే ఉంటాయి. కొన్నాళ్లకు మళ్లీ రేగుతుంది, మళ్లీ మాత్రలు, మళ్లీ మానడం. ఇలా రెండు మూడు విడతలు తిరిగేసరికి ఏడాది గడిచిపోతుంది. మాత్రలు వాడుతూ ఉన్నప్పుడు ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి ట్యూబు పంపి కడుపు లోపల చూసే పరీక్ష, చేస్తే కూడా ఆ చోటు దాదాపు మామూలుగా కనిపించి కన్నుగప్పే ప్రమాదం ఉంది.

మాత్ర చెడ్డదని కాదు. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లకు, అల్సర్ నుంచి రక్తం కారినవాళ్లకు అది అవసరం, ఇది చదివి సొంతంగా మానేయకండి. పనికొచ్చే కొలత ఇది: 45 దాటాక మొదటిసారి అజీర్తి పట్టుకుంటే, నెలల తరబడి మాత్రలతో నెట్టకుండా ముందు ఎండోస్కోపీ. వయసు తక్కువై, కింద చెప్పే గుర్తులేవీ లేకపోతే నాలుగు వారాలు వాడి చూడొచ్చు. తగ్గకపోయినా, ఆపగానే తిరగబెట్టినా ఇక వాయిదా వేయొద్దు. బ్రిటన్ సూత్రాల్లో వయసు గీత 55, అమెరికాలో 60 అని ఉంటుంది. మన దగ్గర ఆ గీత దాకా ఆగడం మంచిది కాదని నా ఉద్దేశం.

బరువు సంగతి. ఆరు నెలల నుంచి ఏడాది లోపల, ప్రయత్నమేమీ లేకుండా బరువులో 5 శాతం తగ్గితే అది గుర్తు. 60 కిలోల మనిషికి 3 కిలోలు, 70 కిలోల మనిషికి మూడున్నర. ఇది చూపుకు ఆనదు. బెల్టు ఇంకో రంధ్రానికి జరగడం, జాకెట్టు వదులవడం, ఉంగరం జారడం ముందు తెలుస్తాయి. తూకం ఎప్పుడూ ఒకే మిషన్ మీద, పొద్దున దొడ్డికెళ్లొచ్చాక, పరగడుపున, వారానికోసారి చూసి క్యాలెండర్ గడిలో రాసుకుంటే చాలు. మన జిల్లాలో ఇంకో చిక్కుంది. పెరటాసి నెలలో శనివారాలు ఒక్కపొద్దులుంటాం, నీచు మానేస్తాం, రెండు కిలోలు తగ్గితే వ్రతం ఖాతాలో రాసేస్తాం. వ్రతం వల్ల తగ్గిన బరువు ఆ నెల దాటాక తిరిగొస్తుంది. దీపావళి పోయి కార్తీకం గడిచినా ముల్లు కిందికే దిగుతుంటే అది వ్రతం వల్ల కాదు. షుగర్ ఉన్నవాళ్లు తగ్గితే 'షుగర్ వల్లే' అనుకుంటారు. షుగర్ అదుపులో ఉన్నా బరువు తగ్గుతోందా అన్నది అడగాల్సిన ప్రశ్న.

అన్నిటికంటే ఎక్కువ తప్పిపోయేది రక్తం. కడుపులో పుండు నుంచి రక్తం రెండు రకాలుగా పోతుంది, కనపడేలా, కనపడకుండా.

కనపడేలా పోతే మలం నల్లగా వస్తుంది. మామూలు నలుపు కాదు, రోడ్డుకేసే తారులా జిగటగా, మెరుస్తూ, నీళ్లు పోసినా బేసిన్‌కు అంటుకుని, బాత్రూంలోకి ఇంకొకరు వెళ్లలేనంత వాసనతో ఉంటుంది. రక్తం కడుపులో యాసిడ్‌తో, పేగులో క్రిములతో కలిసి అలా మారుతుంది. 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు రక్తం పోయినా చాలు. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకూ నల్లగానే వస్తుంది కానీ అది కాస్త పచ్చదనం కలిసిన నలుపు, గట్టిగా ఉంటుంది, జిగురూ ఆ దుర్వాసనా ఉండవు. బిస్మత్ ఉన్న మందులూ, బాగా తిన్న నేరేడు పండ్లూ కూడా రంగు మారుస్తాయి. అనుమానం తేలకపోతే మలంలో రక్తం ఉందో లేదో ల్యాబ్‌లో చూపించొచ్చు. మనకున్న ఇబ్బందల్లా మలం గురించి ఇంట్లో ఎవరూ నోరు విప్పకపోవడం. నాయన ఆ మాట కూతురితో అనడు, కోడలితో అసలే అనడు. మగదిక్కు ఎవరైనా సూటిగా అడిగితేనే బయటికొస్తుంది.

వాంతిలో వస్తే ఎర్రగానే రావాలని లేదు. ఫిల్టర్‌లో డికాషన్ దిగాక అడుగున మిగిలే మడ్డిని నీళ్లలో కలిపినట్టుంటుంది, ముదురు గోధుమ రంగు నలుసులు. అదీ రక్తమే. రక్తపు వాంతి, లేదా తారులాంటి మలంతో పాటు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం ఉంటే సోడా, నిమ్మరసం లాంటివేవీ తాగించకుండా 108కి ఫోన్ చేయాలి. అది రేపటి దాకా ఆగే పని కాదు.

కనపడకుండా పోయేది ఇంకా మాయదారిది. రోజుకు 10 మిల్లీలీటర్లు కారితే మలం రంగు మారదు. కానీ ఆ 10 మిల్లీలీటర్లతో దాదాపు 5 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. మనం తినే తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. నెలలు గడిచేకొద్దీ నిల్వ అడుగంటుతుంది, ఆ తర్వాత హిమోగ్లోబిన్ మెల్లగా దిగుతుంది. మెల్లగా దిగుతుంది కాబట్టి ఒళ్లు అలవాటు పడిపోతుంది. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకెళ్లే మనిషి ఈసారి గాలిగోపురం చేరేలోపే నాలుగుసార్లు కూర్చున్నాడంటే దాన్ని వయసు మీదికి నెట్టేస్తాం. 3,550 మెట్లు ఎవరినైనా ఆయాసపెడతాయి, నిజమే. పోయినేడుతో పోలిస్తే ఎంత తేడా వచ్చిందన్నదే చూడాలి.

రక్తపరీక్ష కాగితంలో చూడాల్సినవి మూడు. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత. ఎమ్‌సీవీ 80 కంటే తక్కువైతే ఎర్ర కణాలు చిన్నవైనట్టు. ఫెరిటిన్ 15 కంటే తక్కువైతే ఇనుము నిల్వ అయిపోయినట్టే. నెలసరి వచ్చే ఆడవాళ్లకు దీనికి మామూలు కారణం ఉండొచ్చు. మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఇనుము తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అనుకోవాలి, పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ రెండూ అయ్యేదాకా కారణం తేలినట్టు కాదు. ఐరన్ మాత్రలు రాసి పంపేయడం, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి పంపేయడం, ఇవి పైన ట్యాంకు నింపి కింద పైపు చూడకపోవడం లాంటివి. హిమోగ్లోబిన్ 11కి ఎక్కిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, మూడు నెలలకు మళ్లీ 8.

మింగడంలో ఇబ్బంది ఉందంటే గడ్డ పైన, అన్నవాహిక కలిసేచోట ఉందేమో చూడాలి. సంగటిని మనం నమలం, పులుసులో అద్ది మింగుతాం. అందుకే సంగటి తినే ఇంట్లో ఈ గుర్తు త్వరగా దొరుకుతుంది: మింగిన ముద్ద రొమ్ము ఎముక వెనక ఆగినట్టు, వెంటనే నీళ్లు తాగితే గానీ దిగనట్టు. తర్వాత చపాతీ, దోసె, ఆ తర్వాత మెత్తటి అన్నం, చివరికి పాలు కూడా దిగవు. ఇడ్లీ, గంజికి మారిపోయి సర్దుకుంటున్నారంటే ఆరోగ్యం బాగుపడినట్టు కాదు, దారి సన్నబడుతున్నట్టు. గడ్డ కింద, పేగులోకి తెరుచుకునే చోట ఉంటే తీరు వేరు. రాత్రి తిన్న అన్నం మెతుకులు పొద్దున వాంతిలో అలాగే వస్తాయి, పుల్లటి కుళ్లు వాసనతో. పసుపు పచ్చటి పసరు మాత్రం కలవదు. దారి మూసుకుపోతే పేగులోని పసరు వెనక్కి రాలేదు మరి.

ఎడమ మెడ ఎముక పైన గట్టి గడ్డ, బొడ్డు దగ్గర కణితి, కడుపులో నీరు చేరడం, పచ్చకామెర్లు, ఇవి వాట్సాప్ సందేశాల్లో 'తొలి గుర్తులు'గా తిరుగుతుంటాయి. ఇవి తొలి గుర్తులు కావు, జబ్బు పాకాక వచ్చేవి. వీటికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఉపయోగం లేదు.

"స్కానింగ్ తీయించాం, అంతా నార్మల్" అనేది ఇంకో మోసపోయే మాట. పొట్ట మీద జిగురు రాసి తీసే అల్ట్రాసౌండ్‌లో లివర్, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనిపిస్తాయి. కడుపు గాలితో నిండిన సంచి, శబ్ద తరంగాలు గాలిని దాటలేవు. కాబట్టి ఆ రిపోర్టు కడుపు లోపలి పొర గురించి ఏమీ చెప్పదు. పిత్తాశయంలో రాయి కనిపిస్తే ఇంకా ప్రమాదం, అన్నీ దానివల్లే అనుకుని రాయికి ఆపరేషన్ చేయించుకుంటారు, అసలు సంగతి లోపలే ఉంటుంది. సీటీ స్కాన్ కూడా తొలి దశను వదిలేయగలదు. సీఈఏ లాంటి రక్తపరీక్షలతో ఈ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోలేం. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో ఆ పేరు చూసి మురిసిపోకండి. మిగిలేది ఎండోస్కోపీ ఒక్కటే.

దాని పేరు చెబితే భయపడతారు గానీ చూడ్డానికి పట్టేది పది నిమిషాల లోపే. ముందు రాత్రి తేలిగ్గా తిని, ఆ తర్వాత 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు కొద్దిగా, అదీ రెండు గంటల ముందు వరకే. పొద్దున అలవాటుగా పాలు కలిపిన కాఫీ ఒక గుక్క తాగి వచ్చి, వాయిదా వేయించుకునేవాళ్లు రోజూ ఉంటారు. షుగర్ మాత్ర ఆ పూట వేసుకోకూడదు, ఖాళీ కడుపుతో షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ సంగతి ముందే డాక్టర్‌ని అడగాలి, సొంతంగా మానేయకూడదు. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, ఎడమవైపు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. ట్యూబు గొంతు దాటే క్షణం ఒక్కసారి వికారంగా ఉంటుంది, ముక్కుతో నెమ్మదిగా గాలి పీలుస్తూ, లాలాజలం మింగకుండా బయటికి కారనిస్తే ఇబ్బంది సగం తగ్గుతుంది. మొద్దుబారడం పోయేదాకా, అరగంట నుంచి గంట, ఏమీ తాగొద్దు. మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే ఆ రోజు బండి నడపొద్దు. ఎనిమిది గంటలు పస్తున్నా కడుపులో పాత అన్నం కనిపిస్తే అది పరీక్ష చెడినట్టు కాదు, దారి మూసుకుందేమో అనే ఒక జవాబు.

పుండు కనిపిస్తే చూసి ఊరుకోకుండా దాని అంచు నుంచి, అడుగు నుంచి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలి. ఒకటి రెండు ముక్కలతో సరిపెడితే క్యాన్సర్ తప్పించుకునే అవకాశం ఎక్కువ. ముక్క తీసేటప్పుడు నొప్పి తెలియదు. 'ముక్క తీస్తే క్యాన్సర్ పాకుద్ది' అనేది ఊరి మాట, దాన్ని నమ్మి వద్దనకండి. మామూలు పుండని రిపోర్టు వచ్చినా, కడుపులోని పుండుకు రెండు మూడు నెలల్లో మళ్లీ ఎండోస్కోపీ చేసి మానిందని కళ్లారా చూడాలి. మానకపోతే మళ్లీ ముక్కలు. ముందు చెప్పిన తోలు తిత్తి రకం పైపొర కింద పాకుతుంది కాబట్టి చాలాసార్లు ముక్కల్లో దొరకదు. గాలి ఊదినా సంచి విచ్చుకోకపోవడమే దాని జాడ. అలాంటప్పుడు బయాప్సీ, అంటే ఆ ముక్కల పరీక్ష, 'నెగటివ్' అన్నా అక్కడితో ఆగకూడదు.

చాలాచోట్ల ముక్కలున్న ఫార్మలిన్ సీసాను మనచేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటారు. సీసా మీద పేరు, వయసు, తేదీ ఉన్నాయో చూసుకుని అదే రోజు ఇచ్చేయాలి. రిపోర్టు మూడు రోజుల నుంచి వారం. ఇక్కడే జారిపోతారు జనం: ఎండోస్కోపీలో 'అల్సర్' అన్నారు, మందులిచ్చారు, తగ్గింది, బయాప్సీ కాగితం కోసం మళ్లీ బస్సెక్కి ఎవరొస్తారు? ఆ కాగితంలో 'క్రానిక్ గ్యాస్ట్రైటిస్' అంటే భయపడక్కర్లేదు. 'ఇంటెస్టినల్ మెటాప్లాసియా' అంటే కడుపు పొర పేగు పొరలా మారుతోందని, క్యాన్సర్ కాదు గానీ డాక్టర్ చెప్పిన వ్యవధిలో మళ్లీ చూపించుకోవాలి. 'హై గ్రేడ్ డిస్ప్లాసియా' అంటే క్యాన్సర్ గుమ్మంలో ఉన్నట్టు. 'అడినోకార్సినోమా', 'సిగ్నెట్ రింగ్' అన్న మాటలుంటే క్యాన్సరే. పై పొరల్లోనే ఉండగా పట్టుకుంటే జపాన్‌లో నూటికి 90 మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. బాగా చిన్నదైతే కడుపు కోయకుండా ఎండోస్కోపీతోనే ఆ పొరను ఒలిచి తీసేస్తారు.

దక్షిణ కొరియాలో 40 దాటిన అందరికీ రెండేళ్లకోసారి కడుపు పరీక్ష ఉంది. మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, కడుపు లేదు. అందుకని ఊళ్లో క్యాన్సర్ పరీక్షలు చేయించుకుని 'ఏమీ లేదన్నారు' అని వచ్చినా కడుపు సంగతి అందులో తేలినట్టు కాదు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. అలిపిరి దగ్గర జూపార్క్ రోడ్డులో టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరిచారు. చిత్తూరువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికి వెళ్లినా ముందు చూపించాల్సింది గ్యాస్ట్రో విభాగంలో. క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చూసి బెదిరి వెనక్కి తిరగడం కంటే అది నయం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, పాత మందుల చీటీలు, బరువు రాసుకున్న క్యాలెండర్ కాగితం వెంట పెట్టుకోండి.

ఎవరికి ఎక్కువ వస్తుందంటే, ఆడవాళ్ల కంటే మగవాళ్లకు దాదాపు రెట్టింపు. పొగ, మందు, ఉప్పులో నిల్వ చేసిన తిండి ముప్పును పెంచుతాయి. ఊరగాయ వేలితో నాకితే ఏమీ కాదు, మూడు పూటలా కూర బదులు ఊరగాయ, ఉప్పు చేప, ఊరమిరపకాయలతోనే గడిస్తే లెక్క వేరు. మిరపకారం మీద మాత్రం అందరూ అనుకున్నంత గట్టి రుజువు లేదు. కారం మానేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అన్నిటికంటే పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మొదటి తరగతి కారకాల్లో చేర్చింది. ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనిపెట్టినందుకు 2005లో నోబెల్ వచ్చింది. ఇది చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి అంటుకుని, వదిలించకపోతే జీవితాంతం ఉంటుంది. ఉన్నవాళ్లందరికీ క్యాన్సర్ రాదు, నూటికి ఒకరి నుంచి ముగ్గురికి వస్తుంది.

దీనికి ఊపిరి పరీక్ష గానీ మలం పరీక్ష గానీ చేయించాలి. రక్తంలో యాంటీబాడీ చూస్తే పాతదా ఇప్పటిదా తెలియదు. పరీక్షకు ముందు గ్యాసు మాత్ర రెండు వారాలు, యాంటీబయాటిక్ నాలుగు వారాలు ఆగి ఉండాలి, లేదంటే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. మందులు 14 రోజులు, పూటకు నాలుగైదు మాత్రలు. నోరు చేదెక్కిందని ఐదో రోజు మానేస్తే క్రిమి మొండికేస్తుంది. అందులో మెట్రోనిడజోల్ ఉంటే ఆ రోజుల్లో మద్యం చుక్క ముట్టకూడదు, విపరీతంగా వాంతులవ్వొచ్చు. కోర్సు అయిన నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి పోయిందో లేదో చూసుకోవాలి, చాలామంది ఇది చేయరు. ఒకరికి కడుపు క్యాన్సర్ తేలిన ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెద్దయిన పిల్లలు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, అదీ 50 లోపే వచ్చి ఉంటే, 'సిగ్నెట్ రింగ్' అన్న మాట ఆ రిపోర్టుల్లో ఉందేమో వెతికి, ఆ కాగితాలు పట్టుకుని జన్యుపరీక్ష గురించి డాక్టర్‌ని అడగాలి.